నర్సమ్మ గారి ఎడమచెయ్యి

మా పక్కింటి నర్సమ్మ గారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం, తెల్లవారేసరికి నిద్రలోనే వెళ్లిపోయారు. ఆరు గంటలప్పుడు నేను పెరట్లో పళ్లు తోముకుంటుంటే ప్రహరీ గోడ మీదుగా కరుణ పిలిచింది. కరుణ ఆమె చెల్లెలి కూతురు. ఆమెతోనే ఉంటూ నందిగామలో ఒక బడిలో పాఠాలు చెబుతుంది.

“బాబాయి గారూ, ఒకసారి రండి. పెద్దమ్మ లేవట్లేదు” అంది. గొంతులో కంగారు లేదు. అప్పటికే ఆ అమ్మాయికి తెలిసిపోయినట్టుంది.

వెళ్లి ఎడమచెయ్యి పట్టుకుని చూశాను. చల్లబడింది. నా మనసులోకి ముందుగా వచ్చిన మాట ‘అమ్మయ్య’. ఇరవై రెండేళ్లు పక్కనున్న మనిషి పోతే అనుకోవాల్సిన మాట కాదది. అయినా అదే వచ్చింది. ఇప్పటికీ అదే ఉంది. ఎందుకు వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మాట్లాడటం నాకు అంతగా చేతకాదు. రాయడం కొంత నయం.

సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక, ఆ సాయంత్రం ఫోన్లో ఒక గ్రూపుకు కబురు పెట్టాను. ఆమె వాయించే వాద్యాన్ని వాయించేవాళ్లంతా కలిసి పెట్టుకున్న గ్రూపు అది. మొదటి జవాబు కరీంనగర్ నుంచి, ఒక రిటైర్డ్ కండక్టర్ గారి దగ్గర్నుంచి వచ్చింది.

“అన్నా, ఈసారి నిజమేనా?”

అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది. కరుణకు చూపిస్తే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ తర్వాత ఏడ్చింది. అలా అడిగే హక్కు ఆయనకుంది. ఆమె బతికుండగానే ఒకసారి నేను ఆమెను చంపాను.

ముందు ఆమె వాద్యం సంగతి చెప్పాలి. దాన్ని బుల్‌బుల్ అంటారు. మూర కన్నా కొంచెం పొడుగుండే చెక్కపెట్టె. దాని మీద బారుగా ఇనుప తీగలు, తీగల పైన టైపు మిషనుకు ఉన్నట్టు గుండ్రటి మెట్లు. ఎడమచేత్తో మెట్టు నొక్కితే తీగ అక్కడ అణుగుతుంది. కుడిచేత్తో చిన్న ప్లాస్టిక్ ముక్క పట్టుకుని మీటితే స్వరం పలుకుతుంది. రెండు చేతులూ కలిస్తేనే పాట. ఒకప్పుడు తిరునాళ్లలో, బస్టాండుల్లో కనిపించేదట. ఇప్పుడు చూసినవాళ్లే తక్కువ.

ఆమె చేతికి అది ఎలా వచ్చిందో చాలాసార్లు చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ముక్త్యాల వైపు ఒక ఊళ్లో సబ్‌సెంటర్‌లో నర్సుగా పనిచేసేవారు. ఊరూరా తిరిగి బొమ్మలు, వాయిద్యాలు అమ్ముకునే ఒకాయన భార్యకు రోడ్డు పక్కన గుడారంలోనే నొప్పులు వచ్చాయి. ఈమె వెళ్లి పురుడు పోసి వచ్చారు. మర్నాడు ఆయన సబ్‌సెంటర్ గుమ్మంలో బుల్‌బుల్ పెట్టి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

“వాయించడం రాదే అని అనుకోలేదాండీ?” అని అడిగాను.

“సూది వెయ్యడం మాత్రం పుట్టుకతో వచ్చిందా ఏంటయ్యా నాకు?” అన్నారు.

అప్పట్నుంచీ పురిటికి వచ్చిన ఆడవాళ్ల దగ్గర కూర్చుని వాయించేవారు. నొప్పికీ నొప్పికీ మధ్య వాయించడం, నొప్పి రాగానే ఆపేసి పనిలో పడటం, తగ్గాక ఆపిన చోటినుంచే అందుకోవడం. సిమెంటు లారీలు పోతుంటే గోడలు అదిరేవట, ఆ అదురులోనే వాయించేవారట. “నొప్పులు పడేవాళ్లకి ధైర్యం చెప్పకూడదు, పని చెప్పాలి. ఈ పాట ఏంటో కనిపెట్టి చెప్పమ్మా అనేదాన్ని” అనేవారు.

ఉద్యోగం అయిపోయి నందిగామలో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ ఆగడం పోలేదు. ఏ పాట వాయించినా నడుమ ఎక్కడో ఒకచోట ఆగిపోతారు. ఊపిరి పీల్చి వదిలినంతసేపు. తర్వాత మళ్లీ అక్కణ్నుంచే. ఎందుకు ఆగారని నేను అడిగితే, “ఎక్కడో ఎవరికో నొప్పి వచ్చి ఉంటదిలే” అన్నారు.

నేను పక్కింట్లో అద్దెకు దిగిన మొదటి వారంలోనే పట్టుబడ్డాను. సాయంత్రం తీగ మీద బట్టలు తీస్తూ ఆ చప్పుడు విని నిలబడిపోయాను.

“ఏమయ్యా, గోడవతల నిలబడి దొంగతనంగా వింటున్నావా?”

“లేదండీ, బట్టలు తీస్తున్నా.”

“పావుగంట నుంచి ఒకే లుంగీ తీస్తున్నావు. లోపలికి రా, కుర్చీ ఉంది.”

అలా కుదిరింది. జగ్గయ్యపేటలో ఒక పప్పుల హోల్‌సేల్ కొట్లో నేను గుమస్తాను. పొద్దున బస్సుకు వెళ్లి సాయంత్రం బస్సుకు వస్తాను. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఆ కుర్చీలోనే గడిచేవి. ఆమె వాయించేవారు, నేను వినేవాణ్ణి. పెద్దగా మాటలుండేవి కావు. ఉన్నా అన్నీ ఆమెవే.

మొదట్లో ఆమె బుల్‌బుల్ చర్చికి కూడా తీసుకెళ్లేవారు. తర్వాత అక్కడికి కీబోర్డు, డ్రమ్ములు, పెద్ద స్పీకర్లు వచ్చాయి. తీసుకెళ్లడం మానేశారు. “ఊరేగింపులో దోమ పాడితే ఎవరికి వినపడుద్ది?” అన్నారు నవ్వుతూ. నొచ్చుకున్నట్టు కనిపించలేదు. కానీ ఇంట్లో వాయించడం కూడా ఆ ఏడాది కొంచెం తగ్గింది.

ఆరేళ్ల కిందట ఒక మెట్టు కింద స్ప్రింగు విరిగింది. నొక్కిన మెట్టు లేవదు. నందిగామలో, జగ్గయ్యపేటలో, బెజవాడలో అడిగాను. “ఇంకా ఇవి వాయిస్తున్నారాండీ? పిల్లలది చిన్న కీబోర్డు తీసుకోండి, సుఖం” అన్నారు అందరూ. కొట్లో భోజనాల వేళ ఫోన్లో వెతుకుతుంటే ఈ గ్రూపు దొరికింది. ఆమెది బటన్ల ఫోను కాబట్టి నేనే చేరాను. హిందీ, ఇంగ్లీషు రెండూ నేను సొంతంగా కూడబలుక్కున్నవే. ఎలాగో నాలుగు ముక్కలు రాశాను.

గ్రూపు పెద్ద సోలాపూర్‌లో గడియారాలు బాగుచేసే మనిషి. మెట్టు కింది భాగాన్ని పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపమన్నాడు. పది రోజులకు పోస్టులో చిన్న డబ్బా వచ్చింది. దూదిలో నాలుగు స్ప్రింగులు, ఎలా బిగించాలో పెన్సిలుతో గీసిన బొమ్మ. విరిగింది ఒకటే. మిగతా మూడూ ముందు ముందుకు.

ఆమె ఆ దూదిని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. “మొహం కూడా తెలీని మనిషి. పురిటిబిడ్డని చుట్టినట్టు చుట్టి పంపాడు చూడు” అన్నారు.

ఆ గ్రూపులో ఎక్కడెక్కడి వాళ్లో ఉన్నారు. కరాచీలో ఒక పెద్దాయన ఇంతకు రెండింతలుండే బుల్‌బుల్ వాయిస్తాడు. జపానులో ఒక అవ్వ వాయించేది దీనికి అక్కలాంటి వాద్యం, అసలు పుట్టిల్లు అక్కడేనట. అందరిదీ ఒకటే బాధ: తమ ఊళ్లో దీన్ని వాయించేది తామొక్కరే. తీగ తెగితే, మెట్టు పట్టేస్తే, పాట కుదరకపోతే ఎవరిని అడగాలో తెలియని వాళ్లు. ఒకరి ఫొటో కింద మరొకరు రాసే సలహాలు చదువుతుంటే, వీళ్లంతా ఒకే వీధిలో ఉండాల్సిన వాళ్లు చెల్లాచెదురయ్యారేమో అనిపించేది.

ఒకసారి సోలాపూర్ ఆయన ఎవరు ఏ శ్రుతికి తీగలు బిగిస్తారో చెప్పమన్నాడు. అందరూ అక్షరాలూ అంకెలూ రాశారు. నేను ఈమెను అడిగాను.

“పుట్టిన బిడ్డ తొలి ఏడుపుకి అని రాయి.”

నేను తటపటాయించాను.

“రాయవయ్యా. నువ్వు సిగ్గుపడితే నా శ్రుతి మారిపోద్దా? ఇన్ని వందల పురుళ్లు చూశా. ఆడైనా మగైనా తొలి కేక ఇంచుమించు ఒక్కచోటే ఉంటది.”

రాశాను. తర్వాత కండక్టర్ గారి గొంతు వచ్చింది. “అమ్మా, మా ఇంట్ల మనవరాలు పుట్టి మూడొద్దులైంది. జర ఇనుండ్రి.” వెనకే ఒక కేక. ఆ రెండు వారాల్లో గ్రూపు నిండా పసిపిల్లల ఏడుపులే. మనవలున్నవాళ్లు, పొరుగింట్లో బిడ్డ పుట్టినవాళ్లు, అందరూ పంపారు. సోలాపూర్ ఆయన ఫోన్లో కొలిచి, తొలి ఏడుపులన్నీ నర్సమ్మ తీగలకు అటూ ఇటూగానే ఉన్నాయని తేల్చాడు. ఆమె మాత్రం శ్రుతి సంగతి వదిలేసి ఒక్కొక్కటీ విని వైద్యం చెప్పడం మొదలుపెట్టారు.

“ఇది ఆకలి ఏడుపు, లెక్కలోకి రాదు. ఈ కరాచీ పిల్లాడికి ముక్కు పట్టేసింది, శుభ్రం చేయమని రాయి.”

శుభ్రం చేశారట. పిల్లాడు హాయిగా నిద్రపోయాడని ఆ పెద్దాయన దీవెనలు పంపాడు.

ఆ రోజునుంచి ఆమెకు గ్రూపులో పేరు నర్సమ్మే. ప్రతి ఆదివారం ఒక పాట నా ఫోన్లో రికార్డు చేసి పంపేవాణ్ణి. చాలావరకు ఆ ఊళ్ల ఆడవాళ్లు పురిటింట్లో, నాట్లలో పాడుకున్న బాణీలు. పేర్లు లేవు. “పసుపుకొమ్ముల గుండమ్మ వాళ్ల ఇంట్లో విన్నది” అని ఆమె చెబితే అదే రాసేవాణ్ణి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆమెను అడిగేవారు. “మీటే ముక్కని నలిపెయ్యొద్దను. థర్మామీటరు పట్టుకున్నట్టు పట్టుకోమను” అని జవాబు చెప్పించేవారు. ఆమె తన ముక్కను సెలైన్ సీసా ప్లాస్టిక్ నుంచి కత్తిరించుకునేవారు. ఫొటో పెడితే చాలామంది అలాగే కత్తిరించుకున్నారు.

పోయినేడు వానలు మొదలైన రోజుల్లో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది. మాట కూడా పోయింది. బెజవాడలో రెండు వారాలు ఉంచి ఇంటికి తెచ్చాం.

నర్సుగా ఎంతమందిని అలా చూసి ఉంటారో. తనకు ఏం జరిగిందో, ఎంత తిరిగొస్తుందో, ఎంత రాదో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. మందులు వేస్తే మింగేవారు. వ్యాయామాలు చేయించే అమ్మాయి వస్తే చెప్పినట్టు చేసేవారు. మిగతా వేళల్లో గోడ వైపు తిరిగి పడుకునేవారు. కోపం లేదు, కన్నీళ్లు లేవు.

“ఒక్కసారి ఏడ్చినా బాగుండు బాబాయి గారూ” అంది కరుణ వాకిట్లో నిలబడి. “ఏడవట్లేదు కూడా.”

నాకు ఆమె మాటే గుర్తొచ్చింది. ఏడుపు వినపడితే భయం లేదు, వినపడకపోతేనే భయం అనేవారు పుట్టిన బిడ్డల గురించి. ఆమె మళ్లీ వాయించకపోయినా నాకు ఫరవాలేదు. ఆ గోడ వైపు తిరిగే, ఆ మౌనంలోనే పోతారేమోనన్నదే నా భయం. దాన్ని ఎవరితో చెప్పాలో తెలియలేదు.

ఒక ఆదివారం ధైర్యం చేసి బుల్‌బుల్ తెచ్చి మంచం మీద పెట్టాను. ఆమె ఎడమచేత్తో ఒక్క తోపు తోశారు. పెట్టె మంచం కోడుకు తగిలి ఝణఝణమంది. తర్వాత వేళ్లతో గాల్లో తిప్పి చూపించారు. తీగలు సడలించి లోపల పెట్టెయ్యమని. వాయించని వాద్యం తీగలు బిగించి ఉంచితే చెక్క వంకరపోతుందని ఆమే చెప్పారు ఒకప్పుడు. ఆమె చూస్తుండగానే ఒక్కొక్క తీగా సడలించాను.

సోమవారం పొద్దున బస్టాండులో నిలబడి, తీగలు సడలించిన బుల్‌బుల్ ఫొటో గ్రూపులో పెట్టాను. చాలా రోజులు దాచాలంటే తుప్పు పట్టకుండా ఏం చెయ్యాలని అడుగుదామని. ఆమె జబ్బు సంగతి అప్పటిదాకా గ్రూపుకు చెప్పలేదు. అలాంటి సంగతులు పదిమందికి చెప్పడం నాకు కష్టం. ఆ ప్రశ్న టైపు చేసేలోపు బస్సు వచ్చింది. ఎక్కాను. కొట్లో ఆ రోజు సరుకు దిగింది. ఫోను సొరుగులోనే ఉండిపోయింది.

సాయంత్రం తీసి చూస్తే గ్రూపులో యాభై మూడు రికార్డులున్నాయి. ఒక్క మాట కూడా లేదు, అన్నీ వాయించినవే. నాకు అర్థం కాలేదు. ఏదో పండగేమో అనుకున్నాను. వాటి చివరన మాత్రం కండక్టర్ గారి గొంతు ఉంది.

“అన్నా, అమ్మ ఎట్ల పోయింది? బాధపడ్డదా?”

అప్పుడు గ్రూపు మొదట్లోకి వెళ్లి నిబంధనలు చదివాను. చేరినప్పుడు చదవాల్సినవి. అందులో ఐదోది ఇది: మనలో ఎవరైనా కన్నుమూస్తే, ఇంటివాళ్లు వాద్యం తీగలు సడలించి ఫొటో పెట్టాలి. చూసినవాళ్లు మాటలేవీ రాయకుండా, పోయినవాళ్ల పాట ఒకటి వాయించి పంపాలి.

నందిగామ బస్సులో కూర్చుని రాయడం, చెరపడం. చిల్లకల్లు దాటాక ఒక్క వాక్యం పంపగలిగాను. అమ్మ బతికే ఉన్నారు, తప్పు నాది, క్షమించండి అని. నిమిషంలో కండక్టర్ గారు ఫోన్ చేశారు.

“ఏంది అన్నా నువ్వు జేసిన పని! పొద్దటిసంది నేను బువ్వ తినలే!”

“తప్పయిందండీ.”

“తప్పా? అమ్మ ఉన్నది గద! గంతకంటె ఏం గావాలె? ఇగ తింట. మా ఆమెకు గూడ చెప్త, ఆమె గూడ తినలే.”

పక్కసీటాయన నా మొహం చూసి, “ఇంట్లో అంతా బానే ఉందాండీ?” అని అడిగాడు.

ఆ యాభై మూడు పాటలు ఏం చెయ్యాలి? సగం శరీరం పడిపోయిన మనిషికి, నీ చావు జరిగిపోయిందని ఎలా చెబుతాం? చెరిపేద్దామనుకున్నాను. కరుణ ఒప్పుకోలేదు.

“వినిపిద్దాం బాబాయి గారూ.”

“తప్పేమో అమ్మా.”

“పెద్దమ్మకి ఇంతకన్నా పెద్ద జోకు ఎక్కడ దొరుకుద్ది? మీకు భయమైతే నేను చెప్తా.”

మర్నాడు సాయంత్రం నేనే చెప్పాను. మంచం పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. “మీరు పోయారనుకుని యాభై మూడు మంది మీకోసం వాయించారండీ. నా వల్లే” అన్నాను. ఆమె తల తిప్పి నన్ను చూశారు. ఎంతసేపో చూశారు. తర్వాత ఎడమచెయ్యి లేపి ఫోను వైపు చూపించారు. పెట్టమని.

మొదట సోలాపూర్ ఆయనది పెట్టాను. ఆమె పంపిన పాటే. నడుమ ఒకచోట ఆయన ఆగాడు, ఊపిరి పీల్చి వదిలినంతసేపు. తర్వాత అందుకున్నాడు. కరాచీ పెద్దాయనా ఆగాడు. కండక్టర్ గారూ ఆగారు. జపాను అవ్వ కూడా. అందరూ ఆమె పాటను ఆమె ఆగిన చోట ఆపే వాయించారు. ఆ ఆగడం ఎందుకో వాళ్లకు నేనెప్పుడూ చెప్పలేదు. పాటలో అదీ భాగమే అనుకున్నారు.

నాలుగో పాటకు ఆమె కళ్లు మూసుకున్నారు. పదో పాటలో ఎవరో శ్రుతి తప్పితే మొహం చిట్లించి, ఎడమచెయ్యి అడ్డంగా ఊపారు. కరుణ ఫక్కున నవ్వింది. దాంతో ఆమె నోరు ఒక పక్కకు సాగి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగలేదు, ఆగకుండానే ఏడుపయింది. గట్టిగా, గొంతు విప్పి ఏడ్చారు. కరుణ కన్నీళ్లు తుడవబోతే నేను చేత్తో వద్దన్నాను. ఇద్దరం పక్కపక్కన నిలబడి విన్నాం. అలాంటి ఏడుపు విని అంత ధైర్యం తెచ్చుకున్నవాళ్లు ఉండరేమో.

అన్నీ అయ్యాక ఆమె లోపలి గది వైపు చూపించారు. బుల్‌బుల్ తెచ్చి తీగలు బిగించడం మొదలుపెట్టాను. ఏ శ్రుతికి? చెప్పడానికి ఆమెకు మాట లేదు. పాత పసిపిల్లల ఏడుపు ఒకటి ఫోన్లో వెతుకుతున్నాను. అంతలో ఆమె నోరు తెరిచి తానే కేక వేశారు. “క్యా” అని, అచ్చం పుట్టిన బిడ్డలా, స్పష్టంగా. జబ్బు పడ్డాక ఆమె నోటి నుంచి సరిగ్గా వచ్చిన మొదటి శబ్దం అదే. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి, “ఎవరొచ్చారు కరుణా, పసిపిల్ల ఏడుస్తోంది?” అని అడిగింది.

తీగలు కుదిరాయి. ఆమె ఎడమచెయ్యి మెట్ల మీద పెట్టారు. మీటే ముక్కను నా ముందుకు తోశారు.

“నాకు రాదండీ” అన్నాను.

ఆమె చూసిన చూపు నాకు తెలుసు. సూది వెయ్యడం పుట్టుకతో వచ్చిందా అన్నప్పటి చూపు.

మొదటి నెల చాలా కష్టమయింది. ఆమె నొక్కిన చోటికి నా మీటు ఒక క్షణం ఆలస్యంగా వచ్చేది. నా కణుపుల మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో. ఉన్న సంగతి గ్రూపులో రాశాను. జపాను అవ్వ ఒక వీడియో పంపింది. ఆమె భుజం ఒకప్పుడు దెబ్బతిన్నదట. అందులో ఆమె మెట్లు నొక్కుతుంటే పక్కన భర్త మీటుతున్నాడు. ఇద్దరూ పెట్టె వైపు చూడటం లేదు. కింద రెండు ముక్కలు రాసింది: చేతిని చూడకండి, ఊపిరిని చూడండి. ఆ మాట చదివి వినిపిస్తే నర్సమ్మ గారు మంచం పట్టె మీద చరిచారు. తాను నాకు చెప్పాలని అన్నాళ్లూ కొట్టుకుంటున్నది అదే కాబోలు.

ఊపిరిని చూడటం నేర్చుకున్నాను. ఆమె పీలిస్తే మెట్టు పడబోతోందని. నిలిపితే అక్కడ ఆగాలని. కొట్లోనూ ఎదుటివాళ్ల ఊపిరి చూడటం అలవాటయింది.

ఆమెకు మూడు మాటలు తిరిగొచ్చాయి. ‘సరే’, ‘ఛీ’, ‘మళ్లీ’. ఆ మూడింటితోనే ఇల్లు నడిపారు, నాకు సంగీతమూ నేర్పారు. ‘మళ్లీ’ ఎక్కువ, ‘సరే’ బాగా తక్కువ. క్రిస్మస్‌కు చర్చిలో స్పీకర్లు కాసేపు ఆపించి, బుల్‌బుల్ దగ్గర మైకు పెట్టారు. నేను ఆ చర్చి మనిషిని కాను, పదిమంది ముందు కూర్చున్నవాణ్ణీ కాను. ఆమె ఊపిరి తప్ప ఇంకేమీ చూడలేదు కాబట్టి గండం గడిచింది. అయ్యాక ఆమె “సరే” అన్నారు.

ఆమెకు గుర్తున్న బాణీల్లో వాయించనిది ఒక్కటి కూడా మిగల్లేదు. పది నెలల ఆదివారాల్లో అన్నీ వాయించాం, అన్నీ గ్రూపుకు చేరాయి. “ఇద్దరికి గల్పి రెండే చేతులు, గని పాట నిండుగున్నది” అని కండక్టర్ గారు ఏడిపించేవారు. ఇప్పుడు ఆ పాటల్ని ఎవరెవరో, ఏయే ఊళ్లలోనో వాయించి పంపుతున్నారు. కరుణ సాయంత్రాలు మెట్లు నొక్కడం నేర్చుకుంటోంది.

ఆమె పోవడానికి రెండు రోజుల ముందు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నాం. రెండు పాటలు అయ్యాయి. చెమటకు కళ్లజోడు జారుతుంటే ముక్క పక్కన పెట్టి, చొక్కా అంచుతో అద్దాలు తుడుచుకుంటున్నాను. ఆమె ఆగలేదు. ఎడమచెయ్యి మెట్ల మీద నడుస్తూనే ఉంది. మీటేవాళ్లు లేరు కాబట్టి స్వరం లేదు, మెట్లు పడి లేచే టకటక మాత్రమే. అది మేం వాయించిన బాణీ కాదు, నాకు తెలిసినదేదీ కాదు. నేను ముక్క అందుకోబోతే ఆమె తల అడ్డంగా ఊపారు. కళ్లు మూసుకునే ఉన్నారు, పెదవి ఒక పక్క చిన్నగా నవ్వుతోంది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ ఆమె మణికట్టు మీద పడింది. వేళ్లు మెట్టు మీంచి మెట్టు మీదికి తాపీగా వెళ్తూ, ఒకచోట ఆగి, ఊపిరి పీల్చి వదిలాక మళ్లీ కదిలాయి.